డిస్కుల స్థానచలనము – పాటింపవలసిన జాగ్రత్తలు

తాళపత్ర గ్రంథములలో లేఖకులు ఆకులకు సంఖ్యలు వేసెడివారు. దారము తెగి ఆకులు చెదరినను ఆ సంఖ్యలను బట్టి గ్రంథమును మరల కూర్చవచ్చును. పాత ఉర్దూ, ఫారసీ వ్రాతప్రతులలో పుట అడుగున తరువాతి పుటలోని మొదటి మాటను వ్రాసియుంచు ఆచారము కలదు. రెండింటి ఉద్దేశ్యము ఒక్కటే. నేటి కంప్యూటరు నిల్వలలోను ఇట్టి ఏర్పాటే ఉన్నది. విద్యార్థుల మార్కులు, పాత సంచికల ప్రతిబింబములు అట్టి నిల్వలలో చేరుచున్న ఈ కాలమున దీనిని గూర్చి తెలిసికొనుట అవసరమని మేము భావించుచున్నాము.

పలు డిస్కులను ఒక్కటిగా కూర్చు పద్ధతికి రెయిడ్ అని పేరు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అను మువ్వురు 1988లో ప్రకటించిన పత్రముతో ఈ పేరు ప్రసిద్ధికెక్కినది. ఇందు ఐదవ స్థాయి పద్ధతిలో 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు కూర్చినచో 12 టెరాబైట్లే వాడుకకు వచ్చును. తక్కిన చోటు సరిచూచు అంకెలకు పోవును. మూడు డిస్కులలో 1, 0, 1 ఉన్నవనుకొందము. ఒకట్లు రెండు, అనగా సరిసంఖ్య. కనుక నాలుగవదానిలో 0 వ్రాయబడును. ఏ ఒక్క డిస్కు చెడినను మిగిలిన మూడింటిని బట్టి పోయిన అంకెను రాబట్టవచ్చును. రెండు చెడినచో ఏ లెక్కయు పనికిరాదు.

ఏ సమూహములోనిది, అందు ఎన్నవది అను గుర్తులు ప్రతి డిస్కుమీదను వ్రాయబడియుండును. అందుచే నేటి కంట్రోలర్లు పెక్కు, డిస్కులు అరలు మారినను గుర్తింపగలవు. పాతవి కొన్ని ఆ క్రమమును తమ జ్ఞాపకములోనే ఉంచుకొనెడివి. కావున అర సంఖ్యను, డిస్కు క్రమసంఖ్యను ముందుగా కాగితముపై వ్రాసికొనుట మేలు.

మేము ఎరిగిన ఒక కార్యాలయములో, దుమ్ము తుడుచు నెపమున, నడుచుచున్న యంత్రమునుండి డిస్కులను ఒకదాని వెంట ఒకటి లాగిరి. మొదటిది తీసినంతనే యంత్రము దానిని చెడినదిగా లెక్కించినది. మరల పెట్టగా పునర్నిర్మాణము మొదలైనది. అది ముగియకమునుపే రెండవది లాగిరి. డిస్కులన్నియు బాగుగనే ఉన్నవి. సమూహము మాత్రము నిలిచిపోయినది.

కనుక మొదట వేరొక చోట ప్రతి తీసి, దానిని తెరచి చూడవలెను. యంత్రమును క్రమముగా ఆపవలెను. లేనిచో డిస్కులకు చేరవలసిన సమాచారము కంట్రోలరు జ్ఞాపకములోనే మిగిలిపోవచ్చును. డిస్కులనన్నింటిని అమర్చిన పిదపనే విద్యుత్తు ఇవ్వవలెను. వేరొక తయారీదారు కంట్రోలరు ఆ గుర్తులను చదువునో లేదో ముందే విచారింపవలెను.

కొత్త కంట్రోలరు ఆ డిస్కులను ‘ఫారిన్’, అనగా పరాయివి, అని చూపవచ్చును. భయపడి ‘క్లియర్’ నొక్కరాదు; గుర్తులు చెరిగిపోవును. ‘ఇనిషియలైజ్’ అసలే నొక్కరాదు. డిస్కులన్నియు కనబడుచున్నవని సరిచూచుకొని ‘ఇంపోర్ట్’ను ఎంచుకొనవలెను. ఏదైన ఒకటి కనబడనిచో యంత్రమును ఆపి అమరికను పరీక్షింపవలెను.

రెయిడ్ ఉన్నదని వేరు ప్రతిని మానరాదు. పొరపాటున చెరిపిన దస్త్రము అన్ని డిస్కులలోను ఒకేసారి చెరిగిపోవును. లేఖకుడు ఆకుకు సంఖ్య వేసెను. గ్రంథము నిలుపుటకు మరొక ప్రతియు వ్రాసెను. ఆ రెండు పనులును నేడు మన వంతు.