ఇంటెలా? ఏఎండీనా? ఆటల కంప్యూటర్‌కు ఏ ప్రాసెసర్?



పోయిన వార్షికోత్సవం రోజు భోజనాల దగ్గర ఇద్దరు ఇంటర్ తమ్ముళ్ళు ప్లేట్లు చేతిలో పట్టుకుని మరీ వాదించుకుంటున్నారు. ఇంటెల్ గొప్పదని ఒకడు, ఏఎండీ ముందు అదెంతని ఇంకొకడు. ఇద్దరి దగ్గరా కంప్యూటర్ లేదనుకోండి! "అన్నా, నువ్వు చెప్పు" అన్నారు. ఆ రోజు సగంలో ఆగిన జవాబు ఇది.

ఆటలో శత్రువు ఎటు నడవాలి, తూటా ఎవరికి తగిలింది వంటి లెక్కలు ప్రాసెసర్ వేస్తుంది. ఆ లెక్క ప్రకారం తెరపై బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు ఎన్ని ఎక్కువ బొమ్మలు (వీటినే ఫ్రేములంటారు) వస్తే ఆట అంత సాఫీగా సాగుతుంది. వంట ఎంత తొందరగా అయినా వడ్డించేవాడు ఒక్కడే అయితే మన మెస్‌లో లైను కదలదు కదా, ఇక్కడా అంతే. నేను మొదటి ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బులో ముప్పాతిక వంతు ప్రాసెసర్ మీదే పెట్టాను. గ్రాఫిక్స్ కార్డుకు మిగల్లేదు. ఆరు నెలలు ఆట ఆడలేదు, ఫొటోల ఆల్బమ్ చూశాను!

ఇంటెల్ 1968లో, ఏఎండీ 1969లో పుట్టాయి. రెండూ అమెరికాలోని కాలిఫోర్నియావే. పైచేయి ఎప్పుడూ ఒకరిదే కాదు. 2006లో కోర్ 2 డ్యుయోతో ఇంటెల్ ముందుకు పోయింది. 2011లో ఏఎండీ ఎనిమిది కోర్లంటూ ఎఫ్ఎక్స్ తెచ్చినా ఆటల్లో వెనకబడింది. 2017లో రైజెన్‌తో మళ్ళీ లేచింది.

డబ్బా మీద గిగాహెర్ట్జ్ చూసి మోసపోకండి. రైజెన్ 7 5800ఎక్స్ గరిష్ఠ వేగం 4.7 గిగాహెర్ట్జ్. 2022లో వచ్చిన 5800ఎక్స్3డి వేగం 4.5 మాత్రమే. రెండింటికీ ఎనిమిదేసి కోర్లే. అయినా చాలా ఆటల్లో రెండోదే ముందుంది. కారణం క్యాష్ మెమొరీ. మొదటిదానికి 32 ఎంబీ, రెండోదానికి 96 ఎంబీ. కావలసిన పుస్తకం ఒళ్ళోనే ఉండడానికీ, ప్రతిసారీ లేచి ట్రంకుపెట్టె తాళం తీసి వెతకడానికీ ఉన్న తేడా అది. ఒడి క్యాష్ అయితే, పెట్టె ర్యామ్. 2024లో వచ్చిన 9800ఎక్స్3డి కూడా ఈ దారిలోదే. అదే ఏడాది ఇంటెల్ తెచ్చిన కోర్ అల్ట్రా 200 వరుస చాలా ఆటల్లో తన పాత 14వ తరాన్నే దాటలేకపోయింది.

అలాగని ఖరీదైన ఎక్స్3డి కోసం అప్పు చేయకండి. కార్డు చిన్నదైతే ఆ తేడా కంటికి కనపడదు. 4కే తెరమీద కూడా భారమంతా కార్డు మీదే పడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొనేవాళ్ళు జాగ్రత్త. వోల్టేజీ ఎక్కువై కొన్ని దెబ్బతింటున్నాయని 2024లో ఆ సంస్థే ఒప్పుకుని, మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్ళు పెంచింది. మదర్‌బోర్డు సాకెట్ కూడా కలవాలి. 14వ తరం ఎల్‌జీఏ 1700 బోర్డులో కోర్ అల్ట్రా 200 కూర్చోదు. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది.

ఆ ఇద్దరిలో ఇంటెల్ పక్షంవాడు ఈమధ్య ఫోన్ చేశాడు. చేతిలో డబ్బు కొంచెమే, కార్డు ఇప్పట్లో కొనలేడు, ఆడేది వాలరెంట్. లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జి చూడమన్నాను. "ఏఎండీనా అన్నా?" అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ర్యామ్ ఎంత అని అడిగాడు. 16 జీబీ ఒకే ముక్క కాకుండా 8 జీబీవి రెండు తీసుకోమన్నాను. కార్డు లేనప్పుడు బొమ్మలు గీయడానికీ ఆ ర్యామే వాడుతుంది కాబట్టి, రెండు ముక్కలైతే ఫ్రేములు బాగా పెరుగుతాయి.

– ఒక పూర్వ విద్యార్థి