ఉన్న ఫైలును లేదనెడి సందేశము

ప్రశ్న: మా పైథాన్ ప్రోగ్రాములో షెల్ స్క్రిప్టును నడుపు చోట ముందున్న ‘ఎస్‌హెచ్’ అనవసరమని సహోద్యోగి తొలగించినాడు. ఇప్పుడు ఆల్పైన్ కంటెయినరులో ‘అట్టి ఫైలు గాని డైరెక్టరీ గాని లేదు’ అని వచ్చుచున్నది. ఫైలు అక్కడనే యున్నది. ఈ మార్పును తిరస్కరింపవలెనా?

జవాబు: తిరస్కరింపవలదు, కాని యిప్పుడే ఆమోదింపనూ వలదు. ‘ఎస్‌హెచ్’ ఉన్నంతకాలము స్క్రిప్టులోని మొదటి పంక్తి కేవలము కామెంటుగా పడియుండెను. అది తొలగిన పిమ్మట లినక్సు కెర్నెలు ఆ పంక్తిని చదివి, అందు నిర్దేశింపబడిన ‘/బిన్/బ్యాష్’ను వెదకి, ఆల్పైన్‌లో బ్యాష్ మనము ప్రత్యేకముగా చేర్చుకొన్ననే గాని ఉండదు గనుక, ‘ఈనోయెంట్’ అను దోషసంకేతము నిచ్చినది. లేనిది ఇంటర్‌ప్రెటరు, మీ ఫైలు కాదు. అయినను కెర్నెలు రెంటికిని ఒకే సంకేతము నిచ్చును గావున, పైథాన్ తాను నడుపబూనిన స్క్రిప్టు పేరునే దాని ప్రక్కన వ్రాయుచున్నది.

ఎస్‌హెచ్ చేత ఇన్నాళ్లు నిర్విఘ్నముగా నడచినది కావున, మొదటి పంక్తిని ‘#!/బిన్/ఎస్‌హెచ్’ అని దిద్దుట చాలును. అంతతో విడువక, దోషమును పట్టుకొను చోట ఫైలు ఉన్నదేమో చూచి, ఉన్నచో ఇంటర్‌ప్రెటరు పేరును సందేశమున జూపుమని కోరుడు. అర్ధరాత్రి ఆ సందేశము చదువు ఉద్యోగి ఉన్న ఫైలునే వెదకుచు గంటలు వ్యర్థపుచ్చుట నాకు మిక్కిలి బాధాకరము. ఈ రెండవ పని వేరొక కమిట్‌గా నుండవలెను.