ట్రిగ్గర్‌లో మూడు స్క్రూలు

ట్రిగ్గర్ అనగానే మన సీఎస్ఈ వాళ్లకి డేటాబేస్ ల్యాబ్ గుర్తొస్తుంది. టేబుల్‌లో ఒక రో మారితే దానంతట అదే నడిచే కోడ్. ఈ వ్యాసం మాత్రం అసలు ట్రిగ్గర్ గురించి, అంటే వేట రైఫిల్‌లో వేలు పెట్టి నొక్కేదాని గురించి.

మా హాస్టల్లో దీని మీద రెండు రాత్రులు వాదన నడిచింది. జగిత్యాల దిక్కు మక్క చేన్లను అడవి పందులు ఆగం చేస్తున్నాయన్న మాటతో మొదలై రైఫిళ్ల దాకా పోయింది. కోరుట్ల దోస్తు "స్క్రూ తిప్పి మార్చుకునే ట్రిగ్గర్‌ను అస్సలు నమ్మొద్దు, ఫ్యాక్టరీలో బిగించి ఇచ్చిందే నయం" అన్నాడు. జగిత్యాల దోస్తు ఒప్పుకోలేదు. "ట్రిగ్గర్ గట్టిగా ఉంటే గుంజేటప్పుడు తుపాకీ కదిలి గురి తప్పుతది. దెబ్బ తిన్న పంది మీదికొస్తే ఎవడు జవాబు చెప్తడు?" అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని నాకు అనిపిస్తుంది.

ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం. పంటను నాశనం చేసే జంతువునైనా సెక్షన్ 11 కింద అధికారుల అనుమతి ఉంటేనే కాల్చాలి. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపలా కోసం మందు కూరి పేల్చే తుపాకీ ప్రస్తావన ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర కనిపించే .315 స్పోర్టింగ్ రైఫిల్ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీది. పాత లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో చేసింది కాబట్టి దాని ట్రిగ్గర్‌కి సర్దుబాటు స్క్రూలు ఉండవు. బరువుగా, మొరటుగా ఉంటుంది. సర్దుబాటు ట్రిగ్గర్ల కథ ఎక్కువగా అమెరికాది.

ఇప్పుడు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. రైఫిల్ లోపల ఫైరింగ్ పిన్ వెనక ఒక బలమైన స్ప్రింగ్ నొక్కి పెట్టి ఉంటుంది. దాన్ని వదలకుండా పట్టుకునే ముక్క సియర్. ఆ సియర్ కింద ట్రిగ్గర్ అంచు ఆసరాగా నిలబడుతుంది. రెండు ఉక్కు అంచులు ఒకదాని మీద ఒకటి ఆనుకునే మేర చాలా తక్కువ, అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. మనం ట్రిగ్గర్ గుంజితే ఆసరా జారిపోతుంది, సియర్ పడిపోతుంది, గుండు పేలుతుంది.

పూర్తి సర్దుబాటు ఉన్న ట్రిగ్గర్‌లో సాధారణంగా మూడు స్క్రూలు ఉంటాయి. ఒకటి ఎంత బలంతో గుంజాలో మారుస్తుంది. రెండోది పేలిన తర్వాత ట్రిగ్గర్ ఇంకెంత వెనక్కి పోవాలో ఆపుతుంది. మూడోది ఆ రెండు అంచులు ఎంత మేర ఆనుకోవాలో నిర్ణయిస్తుంది. మొదటి రెండూ ఎక్కువగా సౌకర్యానికి సంబంధించినవి. మూడోది ప్రాణానికి సంబంధించింది. దాన్ని మరీ తగ్గిస్తే తుపాకీ కింద పడినా, బోల్ట్ గట్టిగా మూసినా సియర్ జారొచ్చు.

వాదనలో ఎప్పుడూ వచ్చే ఉదాహరణ రెమింగ్టన్ 700. 1962లో వచ్చిన ఈ రైఫిల్‌లో వాడింది మైక్ వాకర్ అనే ఇంజినీర్ 1940లలో రూపొందించిన ట్రిగ్గర్. తేలిగ్గా, స్ఫుటంగా పనిచేస్తుందని షూటర్లు చాలా మెచ్చుకున్నారు. అందులో ట్రిగ్గర్‌కీ సియర్‌కీ మధ్య కనెక్టర్ అనే విడి ముక్క ఉంటుంది. పేలిన ప్రతిసారీ అది ట్రిగ్గర్ నుంచి కాస్త విడిపోయి, మళ్లీ తన చోటికి రావాలి. ఆ సందులో దుమ్మో, గట్టిపడ్డ నూనో, మంచో చేరితే పూర్తిగా వెనక్కి రాదని విమర్శకులు అన్నారు. 1948లోనే వాకర్ ఇంకాస్త భద్రమైన మార్పు సూచించాడని కోర్టు కేసుల్లో బయటపడ్డ కంపెనీ పత్రాలు చెబుతున్నాయి.

2000లో మోంటానాలో ఒక కుటుంబం వేట నుంచి తిరిగొచ్చి రైఫిల్ ఖాళీ చేస్తోంది. సేఫ్టీ తీయగానే గుండు పేలి వాళ్ల తొమ్మిదేళ్ల బాబు చనిపోయాడు. ట్రిగ్గర్ మీద వేలు లేదని కుటుంబం చెప్పింది. అప్పటి పాత మోడల్‌లో తూటా తీయాలంటే ముందు సేఫ్టీ తీయాల్సిందే. 1982 నుంచి వచ్చిన రైఫిళ్లలో కంపెనీ ఆ పద్ధతి మార్చింది. డిజైన్‌లో లోపం లేదని, సరిగ్గా చూసుకోకపోవడం వల్లో, తప్పుగా సర్దుబాటు చేయడం వల్లో ఇలా జరుగుతుందని కంపెనీ వాదిస్తూ వచ్చింది. పరీక్షకు పంపిన రైఫిళ్లలో ఫిర్యాదు మళ్లీ కనబడకపోవడం కూడా మామూలే. మనకు ఇది తెలిసిన బాధే. టెస్ట్ చేసినప్పుడు రాని బగ్ లేనట్టు కాదు. ఇక్కడైతే పేలిన అదురుకే ఇరుక్కున్న చెత్త రాలిపోవచ్చు, అంటే బగ్ తన లాగ్ ఫైల్‌ను తానే చెరిపేసుకున్నట్టు.

ఇక్కడిదాకా కోరుట్ల దోస్తుదే పైచేయి. కానీ కథ ఇంకా ఉంది. 2006లో రెమింగ్టన్ ఆ కనెక్టర్ లేని కొత్త ట్రిగ్గర్ తెచ్చింది. 2014 ఏప్రిల్‌లో దాన్నీ వెనక్కి పిలవాల్సి వచ్చింది. కారణం, బిగించేటప్పుడు వాడిన జిగురు ఎక్కువ పడటం. అంటే ఆ తప్పు స్క్రూ తిప్పిన వేటగాడిది కాదు, ఫ్యాక్టరీదే. "ఫ్యాక్టరీ బిగించిందే నయం" అన్న మాట అక్కడ నిలబడదు.

2000ల మొదట్లో సావేజ్ కంపెనీ ఇంకో దారి పట్టింది. వాళ్ల ట్రిగ్గర్ మధ్యలో సన్నని బ్లేడ్ ఉంటుంది. వేలు ముందు దాన్ని నొక్కాలి. నొక్కకుండా సియర్ జారితే ఆ బ్లేడే అడ్డం పడి ఆపుతుంది, గుండు పేలదు. యజమాని స్ప్రింగ్ బలాన్ని మాత్రం మార్చుకోవచ్చు. అంచులు ఆనుకునే మేరను అతని చేతికి ఇవ్వలేదు. సర్దుబాటు ఉంది, పట్టు తప్పితే ఆపే రెండో గోడ కూడా ఉంది.

ఇదే సూత్రం సిరిసిల్లలో రోజూ చప్పుడు చేస్తూ కనబడుతుంది. సాంచ మీద నాడె పేక పోగును అటూ ఇటూ తీసుకుపోతుంటుంది. పక్కన వెఫ్ట్ ఫోర్క్ అనే చిన్న ముళ్ల పరికరం ఉంటుంది. పోగు ఉంటే అది ఫోర్క్‌ను తోస్తుంది, సాంచ నడుస్తుంది. పోగు తెగితే ఫోర్క్ కదలదు, దాని కొక్కెం తగులుకుని హ్యాండిల్ పడిపోతుంది, సాంచ ఆగుతుంది. దీనికీ సర్దుబాటు ఉంది. మరీ సున్నితంగా పెడితే ఊరికే ఆగుతుంది, కొంత కూలి పోతుంది. మరీ మొద్దుగా పెడితే పోగు లేకుండానే నడిచి బట్ట పాడవుతుంది. రెండూ నష్టమే కానీ ప్రాణం పోదు. రైఫిల్‌లో అలా కాదు. పేలాల్సినప్పుడు పేలకపోతే పంది పోతుంది. పేలకూడనప్పుడు పేలితే మనిషి పోతాడు. ఈ రెండు తప్పుల్ని ఒకే తక్కెడలో తూచొద్దు.

అందుకే "సర్దుబాటు ట్రిగ్గర్‌ను నమ్మొచ్చా?" అనేదానికి అవునూ కాదూ అని జవాబు లేదు. అడగాల్సినవి మూడు. ఏ స్క్రూ వాడేవాడి చేతికి ఇచ్చారు? ఆ స్క్రూ ఎంత తప్పుగా తిప్పినా ఆపే రెండో అడ్డు ఉందా? దుమ్ము, చలి, జిగురు లాంటివి చేరితే యంత్రం ఆగే వైపు పడుతుందా, పేలే వైపు పడుతుందా? మనం రాసే కోడ్‌లో సెట్టింగ్స్ పేజీకి కూడా ఇవే ప్రశ్నలు. యూజర్‌కి ఫాంట్ సైజు ఇవ్వొచ్చు, పాస్‌వర్డ్ చెకింగ్ ఆపేసే బటన్ ఇవ్వకూడదు.

ఈ మూడింటికీ మంచి జవాబులు వచ్చినా, తుపాకీ గొట్టం మనిషి వైపు తిప్పకూడదన్న నియమం మాత్రం పోదు. మక్క చేను ఆరడుగులు పెరిగాక అవతల మంచె మీద ఎవరు కాపలా పడుకున్నారో రాత్రిపూట కనబడదు. ఆ మనిషి ప్రాణం ఏ స్క్రూ మీదా ఆధారపడకూడదు.