ఉమ్మడి చిరునామా

విశాఖపట్నం నౌకాశ్రయానికి వచ్చే ఒక ఓడలో ఎందరో వర్తకుల సరుకు ఉంటుంది. వాటిలో ఒక పెట్టెలో నిషిద్ధ వస్తువు ఉన్నదని ఓడనే రేవు వెలుపల నిలిపివేస్తే తక్కినవారందరూ నష్టపోతారు. ఓడను ఆపడం సులభం. దోషమున్న పెట్టెను వేరుచేయడం న్యాయం. అంతర్జాలంలోనూ ఇట్టి చిక్కే కలదు.

అంతర్జాలంలోని సర్వర్లను అంకెల చిరునామాతో గుర్తిస్తారు. దీనినే ఐపీ అడ్రస్ అంటారు. తొలినుండి వాడుకలో ఉన్న పద్ధతిలో ఇట్టివి సుమారు 430 కోట్లు మాత్రమే సాధ్యం. ఈ కొరత వలనను, ఖర్చు తగ్గించుకొనే ఉద్దేశంతోను అనేక వెబ్‌సైట్లను ఒకే సర్వర్‌లో, ఒకే చిరునామాతో ఉంచుతారు. ఇదే షేర్డ్ హోస్టింగ్. చదువరి కోరిన పేరును బట్టి సర్వర్ ఆయా పుటలను అందిస్తుంది. చిన్న వ్యాపారికీ, సాహిత్య సంస్థకూ ఇది చౌకైన వసతి.

అయితే ఉమ్మడి ఇంటిలో పొరుగువాని దోషం మనకూ అంటుతుంది. ఒకడు అవాంఛిత ఈ-మెయిళ్లు పంపితే ఆ చిరునామా నిషిద్ధ జాబితాకు ఎక్కుతుంది. నిర్దోషుల ఉత్తరాలు సైతం తిరస్కృతమవుతాయి. పేరును బట్టి నిరోధిస్తే దోషి ఒక్కడే ఆగుతాడు. చిరునామాను బట్టి నిరోధిస్తే ఇల్లంతా మూతపడుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక చట్టం మేరకు సుమారు 400 వెబ్‌సైట్లను నిరోధించబోగా, 11 లక్షలకు పైగా నిర్దోషమైన వెబ్‌సైట్లు మూతపడ్డాయి. 2004లో న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టివేసింది. మన దేశంలోనూ ఇట్టి అనుభవాలు లేకపోలేదు. 2003లో యాహూ గ్రూప్స్‌లోని ఒక్క బృందాన్ని ఆపవలసిందిగా ప్రభుత్వం ఆదేశించగా, సేవాసంస్థలు దానిని వేరుచేయలేక యాహూ గ్రూప్స్ మొత్తాన్నీ ఆపివేశాయి. 2006 జులైలో కొన్ని పుటల కోసం బ్లాగ్‌స్పాట్ అంతటికీ అదే గతి పట్టింది. అక్కడ తెలుగులో వ్రాసుకొంటున్నవారి పుటలూ అందులో చిక్కుకొన్నాయి.

కావున వెబ్‌సైటు నెలకొల్పేవారు పొరుగును విచారించాలి. తమ సమాచారపు ప్రతిని వేరొక చోట భద్రపరచుకోవాలి. నిరోధించే అధికారం గలవారు దోషిని మాత్రమే గుర్తించే నేర్పు అలవరచుకోవాలి. విశాఖపట్నంలో బృహత్తర డేటా కేంద్రాన్ని నిర్మించనున్నట్లు 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ప్రకటించింది. రేపు ఇట్టి ద్వారాల వద్ద కాపలా ఉండేవారు నేటి విద్యార్థులే. ఒక్కని తప్పుకు వేయిమంది గొంతు నొక్కకుండుటే ఆ కాపలాకు గీటురాయి.

అర్థాలు
నిషిద్ధం : నిషేధింపబడినది
అవాంఛితం : కోరనిది
గీటురాయి : మేలిమిని పరీక్షించే సాధనం

ప్రశ్నలు
1. షేర్డ్ హోస్టింగ్ ఏర్పడుటకు గల కారణాలు తెలుపండి.
2. 'ఓడను ఆపడం సులభం. దోషమున్న పెట్టెను వేరుచేయడం న్యాయం' - ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.