తకధిమి – తాళయంత్రము

విజయవాడలోను, కృష్ణా డెల్టా పల్లెలలోను పెండ్లి ఊరేగింపులలో డీజే పెట్టెలు మ్రోగునపుడు అది వట్టి రొద యని చెవులు మూసికొందుము. కాని ఆ రొదకును లెక్క యున్నది. జపానుకు చెందిన రోలాండ్ సంస్థ 1980లో వెలువరించిన టీఆర్-808 తాళయంత్రమున వరుసగా 16 మీటలుండును. మన ‘తకధిమి’ని నాలుగు మారులు పలికినను 16 మాత్రలే! ప్రతి ‘త’పై పెద్ద డోలు, రెండవ, నాలుగవ ‘త’లపై దానితోబాటు చప్పట్లు, ప్రతి ‘ధి’పై కంచు తాళపు సన్నని సవ్వడి: 1980లలో చికాగోలో పుట్టిన ‘హౌస్’ నృత్యసంగీతపు నడక ఇదియే.

కుడి అరచేత బల్లపై ‘త’ను, ఎడమ వ్రేళ్లతో ‘ధి’ని వేసి చూడుడు. తరువాత ‘ధి’ని మానుడు, దెబ్బ మిగులును, నాట్యము పోవును.

మన డప్పు కళాకారుడు లావు పుల్లతో బరువు దెబ్బను, సన్న పుల్లతో తేలిక దెబ్బను ఒకే చర్మముపై పలికించును. అంతేకాదు, నర్తించువారి అడుగు అలసినచో తానును నిదానించును. యంత్రము అడుగులను చూడదు. కావున పెట్టెలు వచ్చినవని అతనికి పిలుపు మానుటను మేమొప్పము.