దారికి తగిన వాహనం

మహాభారతంలోని అరణ్యపర్వంలో నలోపాఖ్యానం ఉంది. దమయంతి మళ్ళీ స్వయంవరం చాటించిందన్న వార్త విని, అయోధ్యాపతి అయిన ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భ చేరాలని ఆత్రపడతాడు. అతని కొలువులో బాహుకుడనే పేరుతో సారథిగా ఉన్నవాడు నలుడే. అతడు అశ్వశాలకు వెళ్ళి, ఒకటికి రెండుసార్లు పరీక్షించి, చూడటానికి బక్కచిక్కినట్లున్న గుర్రాలను ఎన్నుకొంటాడు. రాజుకు కోపం వస్తుంది. ఇంత దూరం ఇవి లాగగలవా అని శంకిస్తాడు. బాహుకుడు తొణకడు. అతడు చూసింది వాటి ఒంటి నిగనిగలను కాదు. వెడల్పయిన ముక్కుపుటాలను, పెద్ద దవడలను, జాతి లక్షణాలను. శాలలో నిలిపినప్పుడు అందంగా కనిపించే గుర్రం వేరు, దూరపు దారికి ఓర్చే గుర్రం వేరు అన్న ఎరుక అతనికి ఉంది.

నేడు మోటారు సైకిలు కొనబోయే యువకునికి సాధారణంగా ఉండేది ఋతుపర్ణుని చూపే. ట్యాంకు మెరుపు, సైలెన్సరు చప్పుడు, ఇంజను ఎన్ని సి.సి.లన్న అంకె - వీటితోనే మనసు నిండిపోతుంది. ఊరిలో నాలుగు వీధులు తిరిగేవానికి ఈ చూపు పెద్ద నష్టం కలిగించకపోవచ్చు. ప్రతిదినం జాతీయ రహదారి మీద వెళ్ళి రావలసినవానికి మాత్రం అది ప్రాణసంకటం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించారని కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక తెలుపుతున్నది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. దేశంలోని రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారుల పాలు బహు స్వల్పం. అయినా మొత్తం మరణాలలో మూడో వంతుకు పైగా సంభవించింది వాటి మీదనే.

గుంటూరులో కాపురముంటూ చిలకలూరిపేటలోని ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయుని ఊహించవచ్చు. రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. దారి 16వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చక ముందు అది 5వ నంబరుగా అందరికీ పరిచితం. రానూపోనూ 80 కిలోమీటర్లు. ఏడాదికి 220 పనిదినాలు అనుకొంటే 17,600 కిలోమీటర్లు. సెలవుల్లో లడఖ్ వెళ్ళివచ్చే యాత్రికుడు కూడా ఏడాదిలో ఇంత దూరం తిరగడు. యాత్రికునికి నచ్చిన చోట ఆగే వెసులుబాటు ఉంటుంది. ఉపాధ్యాయుడు మొదటి గంట కొట్టకముందే బడికి చేరాలి. సాయంత్రం ఆరు పీరియడ్ల అలసటతో, కొన్నాళ్ళు చీకట్లో, కొన్నాళ్ళు వానలో తిరిగి రావాలి. మిర్చి కోతల కాలంలో బస్తాలు ఎత్తుగా పేర్చిన లారీలు, వెనుక దీపం లేని ట్రాక్టర్లు, యడ్లపాడు పరిసరాల్లో ఎదురు దిశలో వచ్చే వాహనాలు అతనికి నిత్య సహచరులు. కొండవీటి కొండలు కనిపించే ఆ దారిలో కొండలను చూసే తీరిక అతనికి చిక్కదు.

అతని అవసరం ఎంత? విభాజకం గల నాలుగు వరుసల రహదారుల మీద మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లుగా కేంద్ర ప్రభుత్వం 2018లో నిర్ణయించింది. కనుక 140 కిలోమీటర్ల వేగం అందుకొనే యంత్రానికి ధర చెల్లించటం వాడుకోలేని వస్తువును కొనటమే. అలాగని 100 సి.సి. బండి కూడా ఈ పనికి చాలదు. 80 దగ్గర అది తన శక్తినంతా ధారపోస్తుంది. దాటవలసిన లారీ పక్కన ఇంకొంచెం వేగం కావాలంటే దాని దగ్గర మిగులు ఉండదు. గాలి నిరోధం వేగంతో సమంగా కాక వేగపు వర్గంతో పెరుగుతుంది. అంటే 40లో ఉన్నప్పటి కంటే 80లో గాలి నాలుగు రెట్లు వెనక్కి నెడుతుంది. 80 దగ్గర ఇంజను రొప్పకుండా, ఇంకా కొంత బలం చేతిలో ఉంచుకొని నడిచే బండి కావాలి. 160 మొదలు 400 సి.సి. వరకు గల బండ్లన్నీ ఈ పరీక్షలో నెగ్గుతాయి.

మన దేశంలో దూరప్రయాణపు మోటారు సైకిలు అనగానే చాలాకాలం ఒకే పేరు వినిపించేది. 1955లో మద్రాసులో కూర్పు మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ అది. 2003లో హీరో హోండా కరిజ్మా, 2016లో హిమాలయన్, డొమినార్ 400, 2018లో రెండు సిలిండర్ల ఇంటర్‌సెప్టర్ 650, 2020లో మెటియోర్ 350 వచ్చాయి. ఇప్పుడు ఎంపిక సులభం కావలసింది పోయి మరింత కష్టమయింది.

వేగాన్ని అందుకోవటం కంటే దానిని అణచుకోవటం ముఖ్యం. బాహుకుని రథం పరుగెత్తుతుండగా ఋతుపర్ణుని ఉత్తరీయం జారిపడుతుంది. ఆపమని రాజు అనేసరికే అది యోజన దూరం వెనకబడి ఉంటుంది. కవి చెప్పింది రథవేగపు ప్రశంసే అయినా, ఆ మాటలో రహదారి సత్యం ఒకటి ఇమిడి ఉంది. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదుట గేదె అడ్డం వచ్చిందని కన్ను చూసి, మనసు గ్రహించి, చేయి బ్రేకు పట్టేలోపు సుమారు ఒక సెకను గడుస్తుంది. ఆ తరువాత పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు గట్టిగా పట్టినా మరో 35 మీటర్లు పోక తప్పదు. మొత్తం 57 మీటర్లు. అదే 40 వేగంలో అయితే బ్రేకు పట్టాక 9 మీటర్లలోపే ఆగుతుంది. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలవుతుంది. తడి రోడ్డు మీద ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందన్న భయం మన ఊళ్ళలో తరతరాలుగా ఉంది. సైకిలు నేర్పిన పెద్దలు చెప్పిన మాట అది. నిజానికి బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది. వెనుక చక్రం తేలికై, దానిని ఎంత తొక్కినా జారుతుందే గాని ఆగదు. మోటారు సైకిలును ఆపే బలంలో పెద్ద పాలు ముందు బ్రేకుదే. ముందు చక్రం బిగుసుకుపోయి జారితే మాత్రం బండి పడిపోవచ్చు. ఆ బిగుసుకుపోవటాన్ని నివారించటానికే ఏ.బి.ఎస్. అనే అమరిక వచ్చింది. చక్రం తిరగటం ఆగబోతున్నదని పసిగట్టి, అది క్షణక్షణానికీ బ్రేకును సడలించి మళ్ళీ బిగిస్తుంది. 125 సి.సి.కి మించిన బండ్లన్నింటికీ 2019 ఏప్రిల్ 1 నుండి ఇది తప్పనిసరి. ఇందులోనూ భేదం ఉంది. కొన్ని బండ్లలో ముందు చక్రానికే ఈ రక్షణ, కొన్నింటిలో రెండింటికీ. ప్రతిదినం లారీల మధ్య నడిచేవాడు రెండు చక్రాలకూ ఉన్నదానిని కోరుకోవటం న్యాయం. దుకాణంలో రంగు గురించి గంటసేపు అడిగే కొనుగోలుదారులు ఈ ఒక్క ప్రశ్న వేయటం మరచిపోతారు.

తరువాతి పరీక్ష శరీరానిది. పందెపు బండి మీద నడిపేవాడు ముందుకు వంగి మణికట్ల మీద భారం మోపి కూర్చోవాలి. పది నిమిషాలు సరదాగానే ఉంటుంది. దినానికి రెండు గంటల చొప్పున కొన్ని నెలలు గడిస్తే మెడ, నడుము జవాబు చెబుతాయి. కాళ్ళు బాగా ముందుకు చాచి కూర్చొనే బండ్లలో గతుకుల దెబ్బ నేరుగా వెన్ను అడుగు భాగానికి తగులుతుంది. వీపు నిటారుగా, మోచేతులు కొద్దిగా వంగి, పాదాలు మోకాళ్ళకు దాదాపు కిందనే ఉండే భంగిమ దూరానికి మేలు. సీటు ఎత్తు కూడా చిన్న విషయం కాదు. ఆగినప్పుడు రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనాలి. లేకపోతే 190 కిలోల బండి టోల్‌గేటు దగ్గర ఒక పక్కకు ఒరిగితే నిలబెట్టటం కష్టం. మరీ తేలికైన బండిని పక్కగా దూసుకుపోయే బస్సు గాలి ఊపివేస్తుంది. ఇక కంపనం. పెద్ద ఒంటి సిలిండరు ఇంజను సహజంగా అదురుతుంది. అదురును అణచే ప్రత్యేక ఇరుసు లేనిదానిని గంటసేపు నడిపితే వేళ్ళు మొద్దుబారతాయి. మొద్దుబారిన వేళ్ళు బ్రేకు పట్టటంలో ఆలస్యం చేస్తాయి.

గొట్టం లేని టైర్లు మేకు దిగినా ఒక్కసారిగా గాలి వదలవు. మరమ్మతు దుకాణం చేరేదాకా నెమ్మదిగా నడవనిస్తాయి. దీపం కాంతి ఎంత దూరం పడుతున్నదో రాత్రిపూటే చూడాలి. ఇంధనం మాటకొస్తే, లీటరుకు 35 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఏడాదికి 503 లీటర్లు, 25 ఇచ్చేదానికి 704 లీటర్లు పడుతుంది. రెండు వందల లీటర్ల తేడా జీతగాని ఇంట్లో చిన్నది కాదు.

ఉపాధ్యాయుని ఇంట్లో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదివే బావమరిది ఉన్నాడు. అతని పట్టుదల 400 సి.సి. బండి మీద. 40 అశ్వశక్తులట! ఉపాధ్యాయుడు మూడు బండ్లనూ నడిపి చూశాడు. దుకాణం ముందు వీధిలో కాదు. అడిగి ఒప్పించి, రహదారి మీద యడ్లపాడు దాకా వెళ్ళి వచ్చాడు. 160 సి.సి. బండి హాయిగానే నడిచింది గాని, దానికి వెనుక చక్రానికి ఏ.బి.ఎస్. లేదు, పైగా బస్సు దాటినప్పుడల్లా అదిరిపడింది. 400 బండిలో లోపమేమీ కనిపించలేదు. అది తన అవసరానికి మించినదని మాత్రం తోచింది. ఇరవై అశ్వశక్తుల 350 సి.సి. బండి 80 దగ్గర నింపాదిగా సాగింది. రెండు చక్రాలకూ ఏ.బి.ఎస్. ఉంది, పాదాలు నేలకు ఆనాయి, గుంటూరులోనూ చిలకలూరిపేటలోనూ దానిని విప్పి బిగించగల మెకానిక్కులున్నారు. దానితో పాటు ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్లు రెండు, గట్టి చేతి తొడుగులు ఒక జత కొన్నాడు. ఆ డబ్బు దండుగని ఇంట్లో కొందరు గొణిగారు.

“ఇది తాతయ్యల బండి బావా!” అన్నాడు బావమరిది.

మొదటి వారం ఆరు రోజులకు మీటరు 480 కిలోమీటర్లు చూపింది. ఆదివారం ఉదయం ఉపాధ్యాయుడు వాకిట్లో పీట వేసుకొని, గొలుసు మీది దుమ్ము తుడిచి, లింకు లింకుకూ నూనె పట్టిస్తున్నాడు. బావమరిది వచ్చి కాసేపు చుట్టూ తిరిగాడు. సీటు మీద చేయి వేశాడు. చివరికి, “బావా, ఒక్కసారి బైపాసు దాకా ఇవ్వవా?” అన్నాడు.

“పద్దెనిమిది నిండి లైసెన్సు చేతికి రానీ, ముందు బ్రేకు పట్టటం నేనే నేర్పుతాను. ఈలోగా ఆ గుడ్డ ఇటు అందుకో” అన్నాడు ఉపాధ్యాయుడు.