నిండింది ట్యాంకా? నేలా?

సెప్టిక్ ట్యాంకు మట్టం ఇంట్లోనే కొలుచుకునే పద్ధతి

వానలు ముదిరాయంటే బంటుమిల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట తరచు వినపడుతుంది. "ట్యాంకు నిండిపోయిందండీ, మరుగుదొడ్డిలో నీళ్ళు దిగటం లేదు." వెంటనే అప్పోసప్పో చేసి తోడే బండిని పిలిపిస్తారు. బండి వెళ్ళిన రెండు రోజులకే మళ్ళీ మొదటి కథే. డబ్బు దండగ. చాలాసార్లు అప్పుడు నిండింది ట్యాంకు కాదు, దాని చుట్టూ ఉన్న నేల. చేలో నీటిమట్టం చూసుకునే రైతుకు ఈ తేడా కనిపెట్టటం కష్టమేమీ కాదు.

ట్యాంకులో ఏముంటుంది?

సరిగా పనిచేసే సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నీళ్ళతో నిండుగానే ఉంటుంది. లోపల మూడు పొరలుంటాయి. అడుగున బరువైన మడ్డి, పైన జిడ్డుతో కూడిన తెట్టు, మధ్యలో నీరు. లోపలికి ఎంత నీరు వస్తే అంత నీరు అవతలి గొట్టం గుండా ఇంకుడు గుంటలోకి పోతుంది. కనుక మూత తీయగానే నీళ్ళు కనపడితే నిండినట్టు కాదు. మడ్డి, తెట్టు కలిసి నీటి లోతులో మూడో వంతుకు చేరినప్పుడే తోడించాలి. ఆ తరువాత కూడా ఊరుకుంటే మడ్డి గొట్టంలోకి ఎక్కి ఇంకుడు గుంటను పూడ్చేస్తుంది. అప్పుడు కొత్త గుంట తవ్వాల్సి వస్తుంది.

నీటిమట్టం చెప్పే మూడు సంగతులు

నీళ్ళు బయటికి పోయే గొట్టం అడుగు అంచు మన గుర్తు.

1. నీరు సరిగ్గా ఆ అంచు దగ్గరే ఉన్నా దొడ్డిలో నీళ్ళు దిగకపోతే, దొడ్డికీ ట్యాంకుకీ మధ్య గొట్టంలో గానీ, లోపలికి వచ్చే మూతి దగ్గర గానీ అడ్డం పడిందన్నమాట.

2. నీరు అంచుకంటే పైకి లేచి ఉంటే, అవతలి గొట్టమో ఇంకుడు గుంటో నీటిని తీసుకోవటం లేదు. మన డెల్టాలో వానాకాలం భూగర్భ జలం పైపైకి వస్తుంది. నల్లరేగడి నేల నీటిని తొందరగా ఇంకనివ్వదు. నేల నిండి ఉన్నప్పుడు ట్యాంకు తోడినా లాభం లేదు.

3. నీరు అంచుకంటే బాగా కిందికి ఉంటే ట్యాంకు కారుతోంది. ఎండాకాలంలో బయటికి కారే ట్యాంకులోకి వానాకాలంలో బయటి నీరు వస్తుంది. పగుళ్ళు పూడ్పించాలి.

మడ్డి కొలిచే విధానం

ట్యాంకు లోతుకంటే మూడడుగులు పొడవైన వెదురు గెడ తీసుకోండి. కింది సగానికి తెల్లని పాత గుడ్డ చుట్టి పురికొసతో కట్టండి. మూత తీసి, కాసేపు గాలి పోనిచ్చి, బయటే నిలబడి అవతలి గొట్టం దగ్గర గెడను అడుగు తగిలేదాకా మెల్లగా దించండి. రెండు మూడు నిమిషాలు ఉంచి నిదానంగా తీయండి. గుడ్డ మీద నల్లగా అంటుకున్నంత మేర మడ్డి ఉన్నట్టు.

తెట్టు కొలవటానికి ఇంకో కర్ర చివర చిన్న చెక్కముక్క అడ్డంగా కొట్టండి. తెట్టును చీల్చి కిందికి దించి, మెల్లగా పైకి లాగితే ఒకచోట అడ్డు తగులుతుంది. అది తెట్టు అడుగు. అక్కణ్ణించి తెట్టు పైభాగం దాకా కొలవాలి.

నీటి లోతు నాలుగడుగులు అనుకుందాం, అంటే 48 అంగుళాలు. మడ్డి 12, తెట్టు 4, మొత్తం 16 అంగుళాలు. మూడో వంతు అయింది కనుక తోడించాలి. ఏడాదికోసారి కొలిచి, తేదీ, అంగుళాలు గోడ మీదో లెక్కల పుస్తకంలోనో రాసుకోండి. మామూలుగా రెండు మూడేళ్ళకోసారి తోడించాల్సి వస్తుంది.

మేడ మీద నీళ్ళ ట్యాంకుకు పెట్టినట్టు దీనికీ గంట కొట్టే సాధనం పెట్టుకోవచ్చు గదా అని అడిగేవారున్నారు. అమెరికాలో ఇంటినే బండిగా చేసుకుని తిరిగేవారు మురుగు ట్యాంకు గోడకు అలాంటి మట్టం సూచికలు పెట్టుకుంటారు. జిడ్డు, కాగితం వాటికి అంటుకుని, ట్యాంకు ఖాళీగా ఉన్నా నిండిందనే చూపించటం అక్కడ మామూలు బాధ. మనకు వెదురు గెడే నమ్మకం.

ఎప్పుడు తోడించాలి?

కాలువలు కట్టేసిన ఎండాకాలంలో తోడించండి. వానాకాలంలో నేల నీరు పైకి ఉన్నప్పుడు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేస్తే, కింది నీటి ఒత్తిడికి అడుగు పగలవచ్చు. తేలికైన ప్లాస్టిక్ ట్యాంకయితే పడవలా పైకి లేస్తుంది. తోడిన మడ్డిని బోదెలో, మురుగు కోడులో, చేపల చెరువులో పోయనివ్వకండి. అందులో నులిపురుగుల గుడ్లు, రోగక్రిములు ఉంటాయి. మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది కాలువ నీటితోనే. బండి ఎక్కడ పారబోస్తుందో ముందే అడిగి, పంచాయతీకి తెలియజేయండి.

ప్రాణానికి జాగ్రత్త

ట్యాంకులోకి మనిషి దిగకూడదు, ఎవరినీ దించకూడదు. లోపల ఉండే విషవాయువు మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన కూడా తెలియదు. మనిషి క్షణాల్లో పడిపోతాడు. వాణ్ణి తీయటానికి దిగిన అన్నో తమ్ముడో కూడా అక్కడే పడిపోతాడు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయేది ఇలాగే. ఎవరైనా పడితే మీరు దిగకండి. 101కి, 108కి ఫోను చేయండి.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించటం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత ఇచ్చినా పోయిన మనిషి రాడు.

గుర్తుంచుకోండి

* మూత తీసిన చోట బీడీ, అగ్గిపుల్ల, దీపం వద్దు. మండే వాయువు ఉంటుంది.
* ఒంటరిగా మూత తీయకండి. పిల్లల్ని, పశువుల్ని దగ్గరికి రానీయకండి. పని కాగానే మూత బిగించండి.
* కొలిచిన గుడ్డను పాతిపెట్టి, చేతులు సబ్బుతో కడుక్కోండి.
* వంటింటి జిడ్డు నీరు, గుడ్డలు, ప్లాస్టిక్ ట్యాంకులోకి పోనివ్వకండి. యాసిడ్, ఫినాయిలు ఎక్కువ పోస్తే మడ్డిని కరిగించే సూక్ష్మజీవులు చస్తాయి.
* ప్రత్యేకంగా పొడులు కొని వేయనక్కర్లేదు. కావలసిన సూక్ష్మజీవులు మలంలోనే ఉంటాయి.
* గాలి గొట్టానికి సన్నని జాలీ కట్టండి. బోదకాలు మోసుకొచ్చే దోమ ఇలాంటి మురుగులోనే పెరుగుతుంది.

ఈ వానాకాలం బండికి కబురు పెట్టే ముందు ఒకసారి గెడ దించి చూడండి. మడ్డి తక్కువుంటే నేల ఆరేదాకా నీళ్ళ వాడకం తగ్గించుకోండి. మడ్డి ఎక్కువుంటే వానలు తెరిపిచ్చి నేల నీరు దిగాక తోడించండి.